ఒక్క చాలు కోసం జత ఎడ్లు

సంతలో పశువుల బేరగాళ్లు నన్ను చూసినప్పుడల్లా ఒకే మాట అడుగుతారు. "ఏటమ్మా, మిషనుతో దున్నుకుంతన్నావు కదా, ఇంకా ఆ జతనెందుకు మేపుతన్నావు? మాకిచ్చీ, సుఖంగుంటావు." నేను నవ్వి ఊరుకుంటాను. దానికి జవాబు సంతలో నిలబడి చెప్పేది కాదు. కూర్చుని మొదటి నుంచి చెప్పాలి.

నా పని పశువులకు మందులు వేయడం. హుకుంపేట చుట్టుపక్కల కొండల మీద, బండి వెళ్లని ఊళ్లలో కోళ్లకూ మేకలకూ గొడ్లకూ టీకాలు వేస్తాను. నట్టల మందు తాగిస్తాను. గిట్టల మధ్య పుండు పడితే కడిగి మందు రాస్తాను. కోళ్లకు టీకా వేయాలంటే అవి గంప కింద ఉండగానే పట్టుకోవాలి. ఒకసారి వదిలారంటే తుప్పల్లోకి పోతాయి, మళ్లీ సందె వాలితే గాని రావు. అందుకని వెలుగు రాకముందే బయలుదేరి కొండ ఎక్కుతాను. నేను చేరేసరికి ఊరు నిద్ర లేస్తుంటుంది. నా పని అయ్యేసరికి అందరూ పొలాలకు వెళ్లిపోతారు. ఐస్ పెట్టె భుజాన వేసుకుని దిగి వచ్చేటప్పుడు వీధిలో కుక్కలు, ఎండ కాగుతున్న ముసలమ్మలు తప్ప ఎవరూ ఉండరు. ఏ ముసలమ్మైనా "చోడి అంబలి తాగి ఎల్లవే" అంటే ఆ రోజంతా ఆ మాట తలచుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను.

ఈ పనిలోకి తీసుకునేటప్పుడు పశువుల డాక్టరమ్మ ఏం చదువుకున్నావని అడిగింది.

"ఇంట్లో చదువండి."

"ఇంట్లో చదువంటే, ఎంతవరకు?"

"మా నాన్నకు వచ్చినంతవరకండి."

ఆమె నవ్వి, మందు సీసా చేతికిచ్చి చదవమంది. చదివాను. అమ్మ మంచం పట్టడంతో నేను బడికి పోలేదు. నాన్న పొయ్యిలో బొగ్గు తీసి గోడ మీద అక్షరాలు దిద్దించాడు. అక్షరాలు అయ్యాక ఇంట్లో ఉన్న పుస్తకం బైబిలు ఒకటే. కీర్తనలతో కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. చదువూ ప్రార్థనా నాకు ఒకే నోట వచ్చాయి. ఇప్పటికీ మందు సీసా మీద అక్షరాలు చదువుతుంటే, ప్రార్థన చేసుకుంటున్నాననుకుని పక్కనున్న వాళ్లు మాట్లాడటం ఆపేస్తారు.

నా భర్త ఉన్నన్నాళ్లు ఐస్ పెట్టె ఆయన భుజాన ఉండేది. గొడ్లను ఒడిసి పట్టేది ఆయన, సూది వేసేది నేను. దారిలో ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు గాని, ముందు నడుస్తూ ముళ్లకొమ్మ అడ్డం వస్తే విరిచి పక్కకు వేసేవాడు. ఒక వానాకాలం జ్వరం వచ్చి ఆయన పోయాడు. మాకు పిల్లలు లేరు. ఆ తర్వాత చాలాకాలం దారిలో ముళ్లకొమ్మ తగిలి చీర చిరిగినప్పుడే నాకు ఏడుపు వచ్చేది. ఇంట్లో రాలేదు.

ఆయన పోయాక నాకు మిగిలింది ఒక ఇల్లు, గెడ్డ వాగు పక్కన ఒక మడి, జత ఎడ్లు, ఒక నాగలి. మడి గట్టు మీద ఆయన పాతిన పనస మొక్క. దాపటెద్దు తెల్లది, వలపటెద్దు ఎర్రది. రెండూ పొట్టివే, మా కొండ జాతివి. నా చేతి గడ్డి తింటాయి. నా గొంతు వినపడితే చెవులు ఇటు తిప్పుతాయి. గాలికుంటు టీకా వేసేటప్పుడు వాటిని ఎవరూ పట్టుకోనక్కర్లేదు, గంగడోలు నిమురుతూ వేసేస్తాను. అంత మచ్చికైన ఎడ్లకు నేను కాడి కట్టకూడదు. మా ఊళ్లో ఆడది నాగలి ముట్టకూడదు. ముడితే వాన ముఖం చాటేస్తుందని నమ్మకం. ఎడ్లను కట్టే సాల్లో గోడకు ఆనించిన నాగలిని నేను తుడిచింది కూడా లేదు. దాని చుట్టూ ఊడ్చుకుంటూ వచ్చేదాన్ని.

ప్రార్థనకు వచ్చే పాస్టరుగారిని అడిగితే, "అలాంటిదేమీ లేదమ్మా, దున్నుకో" అన్నారు. ఆయన మాట నిజమే. దేవుడు నన్ను ఏమీ అనడని నాకూ తెలుసు. కానీ మా ఊళ్లో ప్రార్థనకు వచ్చేవాళ్లూ ఉన్నారు, కొండదేవతకు కోడినిచ్చే వాళ్లూ ఉన్నారు. వాన అందరికీ ఒకటే. నేను నాగలి పట్టిన ఏడు వాన వెనక పడితే, మొలక ఎండిన ప్రతి ఇల్లూ నా వైపు చూస్తుంది. వాళ్ల గొడ్లకు సూది వేయడానికి రేపు ఏ ముఖంతో వెళ్లను?

కొన్నేళ్లు మా బావ, అంటే నా భర్తకు అన్న, తన మడి అయ్యాక నాది దున్నేవాడు. నాది ఎప్పుడూ ఆఖరుదే. నాట్లు ఆలస్యమై గింజ తక్కువ పండినా, పండింది కదా అని కళ్లకద్దుకునేదాన్ని.

బావ గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు అన్న తమ్ముడి పెళ్లాంతో మాట్లాడడు. ఎదురైతే ఇద్దరూ చెరో పక్కకు తప్పుకోవాలి. చేయి తగలకూడదు. పని ఉంటే నడుమ ఇంకొకరుండాలి. నా భర్త ఉన్నప్పుడు ఆయనే నడుమ. ఆయన పోయాక బావ మా పెరట్లోకి వచ్చి ఎడ్లతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఒరే తెల్లోడా, రేపు మడికి నీళ్లు కట్టమని సెప్పురా. ఎల్లుండి దున్నీద్దం."

నేను గుమ్మంలోనే నిలబడి, ఎర్రదానితో అనేదాన్ని. "సరేనని చెప్పు. గట్టు తెగింది, అది కూడా చూడమని చెప్పు."

"సూసినానని సెప్పు."

బావ భార్య, మా తోటికోడలు, పక్క పెరట్లోంచి విని పడీ పడీ నవ్వేది. "మీ మజ్జిన పడి ఆ నోరులేని గొడ్లకి తలనొప్పొస్తాది. ఆటికే సూదేత్తావో మరి!" కొన్ని వారాలు నా పెరట్లో వినపడే మనిషి మాట బావదొక్కటే. అదీ ఎడ్లకు చెప్పిన మాట. అయినా విన్నది నేను కదా.

తర్వాత ఒక ఎండాకాలం బావ కల్లు గీయడానికి జీలుగు చెట్టెక్కి, దాని మీంచి పడి తుంటి విరిగింది. కట్టు కట్టారు, నాటు మందు వేశారు, ఆసుపత్రికి తీసుకుపోయారు. లేచాడు గాని కర్ర లేకుండా అడుగు వేయలేడు. ఊళ్లో మిగతా మగవాళ్లు సగం మంది కట్టుబడి పనులకు విశాఖపట్నం పోయారు. ఉన్నవాళ్లకు ఎవరి మడి వారికే. ఆ ఏడు నా మడి దున్నకుండా ఉండిపోయింది. గడ్డి మొలిచింది. నా ఎడ్లు ఆ గడ్డి మేశాయి. దున్నాల్సిన మడిలో అవి మేస్తుంటే గట్టు మీద కూర్చుని చూశాను. రెండూ బలంగా ఉన్నాయి, నిగనిగలాడుతున్నాయి. ఏ జబ్బూ లేదు.

మరుసటి ఏడు వానలకు ముందు ఊరి పెద్ద పిలిపించాడు.

"కోడలా, ఒక ఏడు సూసినాం. ఈ ఏడు కూడా మడి ఎండితే బాగోదు. నీరు పారే మడి అది. దున్నీవోడికి అప్పసెప్పాల."

దున్నేవాడంటే ఎవరో అందరికీ తెలుసు. బావ అల్లుడు. ఇల్లరికం వచ్చిన పిల్లాడు, కష్టపడతాడు, అతనికి వేరే మడి లేదు. అందులో ఎవరి చెడ్డతనమూ లేదు. మా ఊరి పద్ధతే అంత. కానీ మడి పోతే నేను ఈ ఊళ్లో ఎందుకు? మా పుట్టింట్లో నాన్నా లేడు, అమ్మా లేదు. తమ్ముడి ఇంట్లో వాళ్ల పిల్లలకే చోటు చాలదు. పనస మొక్క అప్పటికి నా ఎత్తు పెరిగింది.

ఇంటికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఏమని అడగాలో తెలియలేదు. ఇంతవరకు ఉంచినందుకు వందనాలని మాత్రం చెప్పి లేచాను.

మా ఆడవాళ్ల సంఘానికి ఒక పవర్ టిల్లర్ వచ్చి ఉంది. చేతులతో రెండు పిడులూ పట్టుకుని వెనక నడిచే చిన్న దుక్కి మిషను. దాన్ని నడుపుతానన్న కుర్రాడు కూడా విశాఖపట్నం పోవడంతో, చోళ్లు, అంటే రాగులు, ఆడించే పిండిమర గది పక్కన టార్పాలిన్ కింద పడి ఉంది. కోడిపెట్ట ఒకటి దాని మీద గుడ్లు పెట్టింది. ఆ పెట్టకు టీకా వేయడానికి టార్పాలిన్ ఎత్తినప్పుడు ఆ మిషనును మొదటిసారి సరిగ్గా చూశాను.

మండల కేంద్రంలో నేర్పిస్తున్నారంటే, సంఘంలో ఎవరు వెళ్తారని అడిగారు. అందరికీ పిల్లలు, పొయ్యిలు. నేను వెళ్తానన్నాను.

నేర్పించే అతను పల్లపు ప్రాంతం మనిషి, మీసాలు తెల్లబడ్డవాడు. కుడి పిడి కింద ఒక మీట ఉంటుంది. దాన్ని పిడితో కలిపి పట్టుకుంటే మిషను నడుస్తుంది, వదిలేస్తే ఆగుతుంది. అంతే చదువు. అర్థమైందా అంటే అయిందన్నాను. మొదలుపెట్టగానే అది నన్ను ఈడ్చుకుంటూ పరుగెత్తింది. ఎద్దును ఆపాలంటే ఏం చేస్తారో మా ఆయన చేయగా వేల సార్లు చూశాను. హో హో అని కేకేసి, మేడి గట్టిగా పట్టి నేలకు అదుముతారు. నేనూ అదే చేశాను. "హో! హో!" అంటూ ఉన్న బలమంతా పెట్టి పిడి బిగించాను. బిగించిన కొద్దీ అది ఇంకా ముందుకు పోయింది. గట్టెక్కి, అవతల కూర్చున్న వాళ్ల అన్నం మూటల మీద నుంచి పోయి, తుప్పల్లో ఇరుక్కుని ఆగింది.

నేర్పించే అతను పరుగున వచ్చి ఇంజను ఆపాడు. "అమ్మా, అది ఎద్దు కాదు. దానికి సెవులుండవు. వొదిలీ! వొదిలీస్తేనే ఆగుతాది."

"అలవాటండీ."

"బేగి మరిసిపో ఆ అలవాటు. నేకపోతే నీకూ అన్నం ఉండదు, మాకూ ఉండదు."

పట్టుకున్నది వదలడం నా చేతులకు నేర్పడానికి చాలా అవస్థ పడ్డాను. నేర్చుకున్నాను. హో అనడం మాత్రం మానలేకపోయాను.

నేర్చుకుని వచ్చేసరికి ఊళ్లో గొడవ. ఆడది దుక్కి దున్నుతుందట అన్నారు. పిండిమర గది ముందు అందరూ చేరారు. దిసారి వచ్చాడు. మా ఊళ్లో మంచిరోజులు చూసేదీ, దేవతకు పూజ చేసేదీ ఆయనే. అందరం తాత అంటాం. టార్పాలిన్ తీయించి, మిషను చుట్టూ తిరిగాడు.

"దీనికి కాడేదీ?"

"లేదు తాతా."

"మేడేదీ? కర్ర?"

"కర్ర లేదు తాతా. అంతా ఇనుమే."

వంగి కింద బ్లేళ్లు చూశాడు. అక్కడ ఆగిపోయాడు. "ఇది నాగలి కర్రు కాదేటి? ఒకటి కాదు, ఇన్ని కర్రులున్నాయి."

అప్పుడు మా తోటికోడలు కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది.

"తాతా, ఈ గదిలో మరలో తిరిగీది ఇనుం కాదేటి? అది ఆడోళ్లే తిప్పుతన్నాం. ఆ పిండి అంబలి నువ్వు పొద్దుటే తాగొచ్చినావు. అది చోళ్లు ఆడిత్తాది, ఇది మట్టి ఆడిత్తాది. తేడా ఏటున్నాది?"

జనం నవ్వారు. తాత నవ్వలేదు. మర గది వైపు ఒకసారి, మిషను వైపు ఒకసారి చూసి, చాలాసేపు చుట్ట కాల్చాడు.

"మరే. నాగలి కాదు, ఇదీ పిండిమర లాటి మరే. కానీ భూమికి సెప్పకుండా మర తిప్పకూడదు. మొదటి సాలు నాగలితోనే పడాల. ఆ ఇంటి మగోడు ఏయాల. తరవాత మీ ఇష్టం."

ఆ ఇంటి మగవాడంటే, మా ఇంట్లో ఎవరూ లేరు. బావ అల్లుడిది వేరే ఇంటిపేరు, అతను వేస్తే చెల్లదు. మిగిలింది బావ ఒక్కడు. బావ చాలు వేస్తే మడి నాకు నిలుస్తుంది, వేయకపోతే తన కూతురికి, అల్లుడికి వస్తుంది. అందరూ ఆయన వైపు చూశారు. కర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. అల్లుడే అన్నాడు. "మామ నడవనేడు కదా. బురదలో దిగితే ఇంకేటైనా ఉన్నాదా?" ఆ మాట కూడా నిజమే.

తాత చెప్పిన రోజు వచ్చింది. ముందు రోజు వాన బాగా పడింది. ఆడవాళ్లందరం చెక్కలు వేసి మిషనును మడి దాకా దించి వచ్చాం. నేను ఇంటికొచ్చి ఎడ్లకు కుడితి పెట్టి, సాల్లో వాటి పక్కనే నిలబడ్డాను. బావ తుంటి విరిగిన మనిషి. రమ్మని అడగడానికి నాకు నోరు లేదు, ఉన్నా అడగకూడదు. వస్తే ఆయనకు నొప్పి. రాకపోతే నాకు ఈ ఊరే ఉండదు. దేనికని ప్రార్థించాలి?

కర్ర చప్పుడు వినిపించింది. బావ పెరట్లోకి వచ్చి, నన్ను చూడకుండా తెల్లదాని మూపు మీద చేయి వేశాడు.

"ఏరా, నాగలికి సెదలు పట్టించినారేటి? ఇన్నాళ్లూ ఇలాగే ఒగ్గీసినారా?"

వెనకాలే అల్లుడు వచ్చాడు. ముఖం ముడుచుకునే ఉన్నాడు. కానీ నాగలిని చేత్తో దులిపి, భుజానికెత్తుకుని ముందు నడిచాడు.

మడిలో కాడి కట్టింది అల్లుడే. కట్టి గట్టెక్కేశాడు. బావ కర్ర గట్టు మీద పెట్టి మేడి పట్టుకున్నాడు. నేను ఎడ్లకు ఎదురుగా నిలబడి, వెనక్కి వెనక్కి నడుస్తూ వాటిని పిలిచాను. కాడి ముట్టలేదు. అవి నా గొంతు వెంట వచ్చాయి. బావ విరిగిన కాలు బురదలో దిగబడుతోంది, లాగి మళ్లీ వేస్తున్నాడు. నేను తల ఎత్తి చూడలేదు. వినపడుతోంది.

"ఒరే ఎర్రోడా, మెల్లగా పిలవమని సెప్పు. బండెనక పరిగెడుతన్నట్టు ఏటా తొందర?"

మెల్లగా పిలిచాను. మడి మధ్యలో ఆగాడు. రొప్పుతున్నాడు. పక్కనే ఉన్నాను, చేయి అందించకూడదు. అల్లుడు గట్టు దిగబోయాడు. బావ చేత్తో వద్దన్నాడు. ఇంకొకరి చేయి పడితే ఆ చాలు చెల్లదు. ఆ కాసేపూ ఎడ్లు రెండూ కదలకుండా నిలబడ్డాయి. వాటికి ఆ బుద్ధి ఇచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. తర్వాత మళ్లీ కదిలారు. అవతలి గట్టు దాకా చాలు పడింది. వంకరగా పడింది. అంత వంకర చాలు బావ చిన్నప్పుడు కూడా వేసి ఉండడు.

ఎడ్లను విప్పి గట్టెక్కించారు. నేను మిషను స్టార్టు చేశాను.

నాగలితో దున్నేటప్పుడు మనిషి ఒంటరిగా ఉండడు. ఎడ్లతో మాట్లాడతాడు, పై మడిలో వాళ్లు పలకరిస్తారు, అన్నం తెచ్చినవాళ్లు గట్టు మీంచి కేకేస్తారు. మిషను దగ్గర అవేమీ ఉండవు. దాని మోత తప్ప ఇంకేమీ వినపడదు. ఎవరైనా పిలిచినా తెలియదని పిలవడమే మానేస్తారు. చూడటానికి వచ్చినవాళ్లు కాసేపు చూసి వెళ్లిపోయారు. ఆ మోతలో నేను గొంతెత్తి కీర్తనలు పాడాను. బతుకులో ఎప్పుడూ అంత గట్టిగా పాడలేదు. ఎవరికీ వినపడదన్న ధైర్యం. మధ్యలో ఏడ్చాను కూడా. అదీ ఎవరికీ వినపడలేదు. వంకర చాలు దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం మిషనును పక్కకు తిప్పుకున్నాను. ఆఖరుదాకా ఉంచి, అన్నీ అయ్యాకే దాన్ని కలిపాను.

పని అయ్యేసరికి కొండ నీడ మడి మీదికి వచ్చింది. ఆపబోతూ, అలవాటు కొద్దీ "హో, హో" అన్నాను. మీట వదిలి, ఇంజను ఆపాను. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. గెడ్డలో నీళ్ల చప్పుడు మెల్లగా తిరిగి వచ్చింది. అందరూ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారనుకున్నాను.

"ఆగింది కదరా. ఇంకెవులికి సెప్తంది?"

పనస మొక్క పక్కన గట్టు మీద బావ కూర్చుని ఉన్నాడు. అటొకటి ఇటొకటి ఎడ్లు నిలబడి ఉన్నాయి. బావ కాలు చాపుకుని ఉన్నాడు, దాని మీద బురద ఎండిపోయింది. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడని ఆ ఎండిన బురద చూస్తే తెలిసింది. తెల్లదాని ముట్టె నిమురుతూ దానితోనే అన్నాడు. "ఇంటికి పదమను. పొద్దుటేల నుంచి గుక్కెడు అంబలి తాగనేదు."

చేతుల బురద కొంగుకు తుడుచుకున్నాను.

"వస్తున్నానని చెప్పు" అన్నాను ఎర్రదానితో.

ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లలోనూ నన్ను దుక్కికి పిలుస్తున్నారు. భుజాన ఐస్ పెట్టెతో వెళ్లిన ఊళ్లకే మిషనుతో మళ్లీ వెళ్తున్నాను. ప్రతి చోటా ఒక మగవాడు ఒక్క చాలు వేసి వెళ్లిపోతాడు, మిగతా రోజంతా నేనూ ఆ మోతా. పని ఉంది, తిండి ఉంది, మడి ఉంది. పనస ఈ ఏడు తొలి పిందె వేసింది. దేవుడు నాకు తక్కువేమీ చేయలేదు.

మా మడిలో మాత్రం ఏటా బావే. ఏడాదికేడాది చాలు ఇంకా వంకర తిరుగుతోంది. ఒక్క చాలు కోసం ఏడాది పొడుగునా రెండెడ్లకు గడ్డి కోయాలి, కుడితి పెట్టాలి, సాల ఊడవాలి. బేరగాళ్ల లెక్క తప్పేమీ కాదు. కానీ వాటిని తోలుకుపోతే, మా పెరట్లోకి వచ్చి బావ ఎవరితో మాట్లాడతాడు?